అడిగి చేసే సాయం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత నెల ఈ శీర్షికలో మా వీధి చివర బస్ షెల్టర్‌లో పడుకునే ఒక పెద్దాయన గురించి రాశాను. ఆ తరువాత "మాకూ ఏదైనా చేయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు" అంటూ విశాఖ నలుమూలల నుంచి ఉత్తరాలు వచ్చాయి. అందరికీ విడివిడిగా రాయలేను కనుక, నలుగురికీ పనికివచ్చే ప్రశ్నలను ఏరి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. 2019 ఆగస్టు 15 నుంచి కొన్నేళ్లపాటు మన రాష్ట్రంలో 'వాలంటీరు' అన్న మాటకు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం మీద కొన్ని ఇళ్ల బాధ్యత చూసే మనిషి అనే అర్థం స్థిరపడిపోయింది. ఆ వ్యవస్థ మంచిచెడ్డల జోలికి నేను పోవడం లేదు. ఈ జవాబుల్లో 'సాయం' అన్న పాత మాటతోనే పని గడుపుకుంటాను.

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగం నుంచి ఈ ఏడాదే పదవీ విరమణ చేశాను. మా కాలనీ మిత్రులం కలిసి ఒక వృద్ధాశ్రమానికి వెళ్లి పళ్లు, దుప్పట్లు పంచి, ఫొటోలు దిగి వచ్చాం. ఇంటికి చేరాక ఏదో వెలితిగా అనిపించింది. డబ్బు కాకుండా నేను ఇవ్వగలిగింది ఏమైనా ఉందా? (విశ్రాంత ఉద్యోగి, సీతమ్మధార)

మీకు అనిపించిన వెలితి సరైనదేనండీ. దాన్ని తొందరపడి పోగొట్టుకోకండి. పండుగ రోజున, ఎవరి పుట్టినరోజునో, ఆశ్రమాలకు అరటిపళ్లు తినేవాళ్లు లేనంతగా వచ్చిపడతాయి. మంగళవారం పదకొండు గంటలకు ఒక ముసలాయనను కళ్లాసుపత్రికి తీసుకువెళ్లి, మందు వేయించి, మళ్లీ తీసుకువచ్చే మనిషి మాత్రం దొరకడు. వస్తువులు ఇచ్చేవాళ్లకు మన ఊళ్లో కొరత లేదు. చెప్పిన రోజున, చెప్పిన వేళకు వచ్చేవాళ్లకే కొరత.

మహారాణిపేటలోని కింగ్ జార్జ్ ఆసుపత్రినే చూడండి. 1923 నుంచి ఉన్న ఆ ఆసుపత్రికి మన నగరవాసులే కాక శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి, పాడేరు, చింతపల్లి మన్యం నుంచి, ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచి కూడా రోగులు వస్తారు. కొండవాలు మీద బ్లాకులు బ్లాకులుగా విస్తరించిన ఆ ప్రాంగణం మొదటిసారి వచ్చినవాళ్లకు ఒక చిన్న ఊరంత కనిపిస్తుంది. నేను బడి ఉద్యోగం మానిన కొత్తలో, మా బంధువును చూడటానికి వెళ్లినప్పుడు ఓపీ వరండాలో ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని "నానెటెల్లాలమ్మా?" అని అడిగింది. చీరచెంగున ముడివేసుకున్న చీటీ విప్పి చూపించింది. చెమటకు తడిసి మడతల దగ్గర చిరిగిపోతున్న ఆ కాగితం మీద పొట్టకు స్కానింగ్ చేయించాలని ఇంగ్లీషులో రాసి ఉంది. తెల్లవారుజామున మొదటి బస్సుకు బయలుదేరి వచ్చిందట. నీళ్లు బాగా తాగి, మూత్రం ఆపుకుని స్కానింగ్‌కు వెళ్లాలన్న సంగతి ఆమెకు అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదో, చెప్పినా ఆ కంగారులో వినలేదో తెలియదు. నేను చేసినదల్లా చీటీ చదవడం, నీళ్ల సీసా కొనివ్వడం, ఆ గది దాకా నడవడం, వరుసలో ఆమె పక్కన కూర్చోవడం. గంటన్నర పట్టింది. ఖర్చు ఇరవై రూపాయలు. ఆ రోజు నుంచి వారానికి ఒక పూట అదే పని చేస్తున్నాను.

మీరూ ఇలాంటి పని చేయదలిస్తే కొన్ని కట్టుబాట్లు పాటించాలి. ఏ ఆసుపత్రికైనా ముందుగా అక్కడి అధికారులను కలిసి అనుమతి అడగండి, చెప్పకుండా వార్డుల్లోకి వెళ్లి తిరగకండి. జబ్బు గురించి సొంత అభిప్రాయం ఒక్కటి కూడా చెప్పకండి. "మా తోడల్లుడికి ఇదే వస్తే ఫలానా మందుతో తగ్గింది" అనే మాట ఆసుపత్రి వరండాలో చాలా ప్రమాదకరమైనది. రోగి ఆధార్ కార్డు మీ దగ్గర పెట్టుకోవద్దు, వాళ్ల ఫోన్‌కు వచ్చిన ఓటీపీని మీరు అడగవద్దు. ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స దొరుకుతుందా అన్న సందేహం వస్తే, మీకు తెలిసినా సరే, అక్కడ ఆ పథకం పని చూసే సహాయకుల దగ్గరికి తీసుకువెళ్లి ఆ మాట వాళ్ల చేతనే చెప్పించండి.

అయితే మీ విషయంలో ఇంతకంటే దగ్గర దారి మరొకటి ఉందని నాకు అనిపిస్తోంది. బ్యాంకు కౌంటరు వెనక ఇన్నేళ్లు కూర్చున్న మనిషికి, పాస్‌బుక్‌లో 'అప్పలనరసమ్మ', ఆధార్‌లో 'అప్పల నర్సమ్మ' అని ఉంటే ఎన్ని పనులు ఆగిపోతాయో నేను చెప్పనక్కరలేదు. ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులై నుంచి వృద్ధులకు నెలకు 4,000, దివ్యాంగులకు 6,000 రూపాయల పింఛను అందుతోంది. ఆ డబ్బు మీదే పూర్తిగా ఆధారపడిన ఇళ్లు కంచరపాలెంలో, జ్ఞానాపురంలో, ఆరిలోవ కొండవాలు కాలనీల్లో ఎన్నో ఉన్నాయి. పేరు తేడా వల్ల, వేలిముద్ర పడకపోవడం వల్ల, నామినీ రాయకుండా ఇంటి పెద్ద పోవడం వల్ల ఇబ్బంది పడేవాళ్లకు, ఏ కాగితం ఏ వార్డు సచివాలయంలో ఎవరికి ఇవ్వాలో చెప్పి, దరఖాస్తు నింపి, రసీదు జాగ్రత్త చేసుకోమనే మనిషి కావాలి. వారానికి ఒక రోజు, రెండు గంటలు, ఒకే చోట, ఒకే వేళకు కూర్చోండి. మొదటి నెల ఎవరూ రాకపోవచ్చు. మీరు వర్షం పడినా వస్తారని తెలిశాక వస్తారు.

ప్రశ్న: మా అబ్బాయి పెళ్లిలో దాదాపు నూరుమందికి సరిపడా భోజనం మిగిలింది. రాత్రి పదకొండు దాటాక ఒక ఆశ్రమానికి ఫోన్ చేస్తే తీసుకోలేమన్నారు. అన్నం పరబ్రహ్మ స్వరూపం అంటాం కదా, అలా తిప్పి పంపడం న్యాయమేనా? (గాజువాక నుంచి ఒక తండ్రి)

వాళ్లు చేసినదే న్యాయం. మీకు కోపం వచ్చినా ఇదే చెప్పాలి. వండిన పదార్థం బాగా వేడిగా, అంటే 60 డిగ్రీల సెల్సియస్‌కు పైన, లేకపోతే బాగా చల్లగా, 5 డిగ్రీల లోపు ఉండాలి. ఈ రెండింటి నడుమ రెండు గంటలకు మించి ఉన్నది మరొకరికి పెట్టదగినది కాదు. అన్నంలో ఉండే ఒక జాతి బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. గది వేడిలో అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి, మళ్లీ వేడిచేసినంత మాత్రాన ఆ విషం పోదు. మన సముద్రపు ఉక్కలో కొబ్బరి పచ్చడి, పెరుగన్నం ఎంతసేపు నిలుస్తాయో మీ ఇంట్లో ఆడవాళ్లను అడిగితే చెబుతారు. ఎనిమిదికి వడ్డన మొదలైన భోజనం పదకొండున్నరకు ఆశ్రమానికి చేరితే, అది తిని వాంతులు పట్టుకునేది డెబ్బై ఐదేళ్ల మనిషికి, ఆ రాత్రి చూసుకోవలసినది ఒకే ఒక్క ఆయా.

నేనూ ఈ తప్పు చేశాను. కొన్నేళ్ల క్రితం ఒక సభలో మిగిలిన సాంబారు బకెట్లను ఆటోలో వేసుకుని ఒక రాత్రి బస కేంద్రానికి వెళ్లాం. మూత తీయగానే పైన సన్నని నురగ కనబడింది. అక్కడి వంటామె గరిటెతో ఒకసారి కలిపి వాసన చూసి, మా ముఖం చూసి ఏమీ అనలేక, బకెట్ పక్కన పెట్టి "ఇంటిల్లిపాదికీ ఇదే పెడతారేటమ్మా?" అంది. ఆ ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2019లో మిగులు ఆహారం సేకరణ, పంపిణీల కోసం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం పనిచేసే సంస్థతో పెళ్లికి వారం ముందే మాట్లాడుకుని, మొదటి బంతి లేచేసరికే విడిగా తీసిపెట్టించడం ఒక పద్ధతి. విస్తళ్ల దగ్గరికి వచ్చిన గిన్నెల్లోది కాకుండా, వంటశాలలోనే ముట్టుకోకుండా ఉంచినది ఇవ్వాలి. ఇంకా మంచి పద్ధతి ఏమిటంటే, పెళ్లి నాటి ఉదయమే ఆశ్రమంలో ఉన్నవారికని లెక్కవేసి వండించి పంపడం. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ గారిని (1841-1909) అపర అన్నపూర్ణ అని జనం కొలుచుకున్నది, ఆకలితో వచ్చినవాళ్లకు వేళ కాని వేళలోనూ వండి వడ్డించినందుకు. మిగిలినది పంచితే ఆ పేరు వచ్చేది కాదు.

ప్రశ్న: మా పాప ఐదో పుట్టినరోజు అనాథ పిల్లల మధ్య చేయాలని ఉంది. కేకు కోయించి, బొమ్మలు పంచి, ఆ ఫొటోలు బంధువులకు పంపితే వాళ్లకూ స్ఫూర్తిగా ఉంటుందని మా వారి ఉద్దేశం. (ఒక తల్లి, మధురవాడ)

మీ ఉద్దేశం మంచిదేనమ్మా. కానీ ఫొటోల విషయం ముందు తేల్చుకుందాం. 2015 నాటి బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం, సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపడేలా పేరు, చిరునామా, ఫొటో వంటివి ప్రచురించడం నేరం. దానికి ఆరు నెలల వరకు జైలు గానీ, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. బంధువుల గ్రూపులో పెట్టిన ఫొటో ఎక్కడెక్కడికి పోతుందో మీకు తెలియనిది కాదు. అదే చట్టం కింద అలాంటి గృహాలన్నీ రిజిస్టరు చేయించుకుని ఉండాలి. ఆ ధ్రువపత్రం చూపించమని అడగడం అమర్యాద ఏమీ కాదు, నిర్వాహకులు నిజాయితీపరులైతే సంతోషంగా చూపిస్తారు.

చట్టాన్ని పక్కన పెట్టి, పిల్లల వైపు నుంచి చూడండి. తనకు పుట్టినరోజు ఎప్పుడో తెలియని పిల్ల, వారం వారం ఎవరో ఒకరి పుట్టినరోజుకు వరుసలో నిలబడి చప్పట్లు కొడుతుంది. నేను చూసిన ఒక గృహంలో ఎనిమిదేళ్ల పిల్లవాడు కేకు పెట్టె తెరవకముందే రంగు చెప్పేశాడు, అందరూ ఒకే బేకరీ నుంచి తెస్తారని వాడికి తెలుసు. మీ పాప పుట్టినరోజు ఇంట్లోనే చేసుకోండి. ఆ డబ్బుతో ఆ గృహం వార్డెన్‌ను అడిగి, జూన్‌లో బడి తెరిచేసరికి ఎవరికి ఏ సైజు బూట్లు కావాలో రాయించుకుని కొనివ్వండి. మీకు చదువు చెప్పడం వచ్చు అనుకుంటే, ముగ్గురు నలుగురు పిల్లలకు ఏడాది పొడవునా శనివారాలు లెక్కలు చెప్పండి. ఏడాది పాటు రాలేనని అనిపిస్తే మాత్రం ఆ పని ఒప్పుకోవద్దు. అలవాటైన మనిషి మానేయడం ఆ పిల్లలకు ఇదివరకే ఒకసారి జరిగింది.

ప్రశ్న: డిగ్రీ చదువుతూ ఎన్ఎస్ఎస్‌లో రెండేళ్లలో 240 గంటలు పూర్తి చేశాను. ర్యాలీలు, మొక్కలు నాటడం తప్ప పెద్దగా ఏమీ చేయలేదు. నా చదువుకు తగిన పని ఏదైనా చెప్పండి మేడమ్. (విద్యార్థిని, చినవాల్తేరు)

నీకు ఒక పని చెబుతానమ్మా, దానికి రంగుల బ్యానరు ఉండదు, చప్పట్లూ ఉండవు. చూపు లేని విద్యార్థులకు, చేత్తో రాయలేని విద్యార్థులకు పరీక్షలో వాళ్లు చెప్పినది రాసిపెట్టే లేఖకులు కావాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చాక, 2018 నుంచి కేంద్రం ఇస్తున్న మార్గదర్శకాల ప్రకారం ఆ విద్యార్థులకు గంటకు కనీసం 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇవ్వాలి. సమయం దొరుకుతోంది, లేఖకులు దొరకడం కష్టంగా ఉంది. పరీక్షల కాలంలో అందరికీ పరీక్షలే కదా.

ఈ పనికి అందమైన దస్తూరి ఒక్కటే చాలదు. ప్రశ్నను ఉన్నది ఉన్నట్టు, తొందర లేకుండా, రెండుసార్లు చదవాలి. "ఇది సులువే" అని గానీ, "అయ్యో, ఇది కష్టం" అని గానీ గొంతులో కూడా తెలియనివ్వకూడదు. బహుళైచ్ఛిక ప్రశ్నలో సరైన జవాబు దగ్గర తెలియకుండానే గొంతు ఒత్తి పలుకుతాం. అది చాలామంది లేఖకులకు ఉండే జబ్బు. చెప్పినది తప్పని తెలిసినా తప్పే రాయాలి. నాకు పరిచయమున్న ఒక అమ్మాయి మొదటిసారి లేఖకురాలిగా వెళ్లి, అభ్యర్థి చెప్పిన వాక్యం మధ్యలో మనసు ఆగక ఒక సంవత్సరం దిద్దింది. రాసినది మళ్లీ చదివి వినిపించమని ఆ అబ్బాయి అడిగాడు, విన్నాడు, "నేను చెప్పింది అది కాదండీ, నాది పెట్టండి" అన్నాడు. తప్పు సంవత్సరమే మళ్లీ రాసింది. అప్పుడు సిగ్గుపడ్డానని, ఇప్పుడు ఆ అబ్బాయి అంటే గౌరవమని చెబుతుంది.

లేఖకుల చదువు అభ్యర్థి చదువు కంటే తక్కువగా ఉండాలనే నియమం చాలా పరీక్షల్లో ఉంటుంది. ఒక్కో పరీక్ష నిబంధన ఒక్కో తీరు, అవి మారుతూ కూడా ఉంటాయి కనుక ప్రతిసారీ ఆ నోటిఫికేషన్ చదువుకో. మీ కాలేజీ ప్రిన్సిపాల్ గారి ద్వారా, విశ్వవిద్యాలయ పరీక్షల విభాగంలో నీ పేరు ఇవ్వు. ఏ రోజులు నీకు కుదరవో ముందే రాసి ఇవ్వు. పరీక్ష రోజు ఉదయం "జ్వరంగా ఉంది" అని నువ్వు పంపే సందేశం అవతలి మనిషికి ఒక ఏడాదిని పోగొట్టగలదు.

ప్రశ్న: నా బరువు 47 కిలోలు. రక్తం ఇవ్వవచ్చా? ఇస్తే ఎప్పుడు ఇస్తే మంచిది? (గృహిణి, పెందుర్తి)

ఇవ్వవచ్చు. 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసు, కనీసం 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలి. 55 కిలోల లోపువారి నుంచి 350 మిల్లీలీటర్లే తీసుకుంటారు. స్త్రీలు మళ్లీ ఇవ్వడానికి 120 రోజులు, పురుషులు 90 రోజులు ఆగాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఇవ్వకూడదు. ఎప్పుడు అంటే, నాయకుల పుట్టినరోజు శిబిరాల నాడు కాకుండా, కాలేజీలకు సెలవులు ఇచ్చిన మే నెలలో. తలసేమియా పిల్లలకు రెండు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, మన మన్యంలో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ జబ్బున్నవారికీ తరచు అవసరం పడుతుంది. వాళ్ల జబ్బుకు వేసవి సెలవులు లేవు.

ప్రశ్న: జాతీయ రహదారి మీద ప్రమాదం జరిగితే ఆగాలని ఉంటుంది, పోలీసు కేసు భయం. (అనకాపల్లికి రోజూ బండి మీద వెళ్లే ఉద్యోగి)

ఆ భయానికి ఇప్పుడు ఆధారం లేదు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఎ సెక్షన్, మంచి మనసుతో సాయపడినవారికి సివిల్, క్రిమినల్ బాధ్యతల నుంచి రక్షణ ఇస్తోంది. మీ పేరు, చిరునామా చెప్పమని బలవంతం చేయకూడదు. 108కి ఫోన్ చేయండి, మీ బండిని వెనకవైపు వాహనాలకు కనిపించేలా నిలిపి లైట్లు వెలిగించండి. హెల్మెట్ లాగవద్దు, మెడ కదపవద్దు, నోట్లో నీళ్లు పోయవద్దు. మన జనం మొదట చేసేది ఆ నీళ్లు పోయడమే.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ యువకులం ఒక బృందంగా ఏర్పడ్డాం. ఈసారి తుఫాను వస్తే సాయం చేయడానికి ఇప్పటినుంచే పాత బట్టలు పోగుచేస్తున్నాం. ఇంకేం సిద్ధం చేసుకోవాలి? (మురళీనగర్)

పాత బట్టలు పోగుచేయడం ఈ రోజే ఆపేయండి. 2014 అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ గంటకు 170, 180 కిలోమీటర్ల వేగంతో మన మీద విరుచుకుపడ్డప్పుడు మీలో చాలామంది చిన్నపిల్లలు. ఆ తరువాతి వారం నాకు బాగా గుర్తుంది. చెట్లన్నీ ఆకు లేకుండా కాలిపోయినట్టు నిలబడ్డాయి, రోజుల తరబడి కరెంటు లేదు, కరెంటు లేక మోటార్లు నడవక పై అంతస్తులకు నీళ్లు లేవు, పాల ప్యాకెట్ కోసం వరుసలు. అలాంటి సమయంలో సముద్రం ఒడ్డున ఒక జాలరిపేట మలుపులో ఎవరో లారీడు పాత బట్టలు దింపి వెళ్లారు. రెండు రోజులు వానకు నాని, అడుగు చీరలకు బూజు పట్టి, ఒక జరీ బ్లౌజు, ఒక చలికోటు, ఒక స్కూలు టై పైకి తేలి కనిపించేవి. అక్కడివాళ్లు ముట్టుకోలేదు. చివరికి ఆ కుప్ప ఎత్తి పారేయడానికి మళ్లీ పారిశుద్ధ్య కార్మికులే రావలసి వచ్చింది, ఊరంతా విరిగిన చెట్లు తీయలేక వాళ్లు చస్తున్న సమయంలో.

ఆ వారం మా వీధికి అందరికంటే ఎక్కువ పనికివచ్చినవాడు రంపం ఉన్న ఒక వడ్రంగి. తరువాత, కారు బ్యాటరీకి తీగ కలిపి నలుగురి ఫోన్లు ఛార్జ్ చేసిపెట్టిన ఒక కుర్రాడు. కనుక మీ బృందం చేయవలసినది వస్తువులు పోగుచేయడం కన్నా మనుషుల లెక్క తీయడం. మీ చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఒంటరి వృద్ధులు ఎందరు, మంచం మీద ఉన్నవాళ్లు ఎవరు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లు ఎవరు, డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు ఏ రోజుల్లో వెళతారు, రేకుల ఇళ్లు ఎన్ని, నెలలు నిండిన గర్భిణులు ఉన్నారా, ఇవన్నీ ఫోన్‌లో కాదు, ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి. తుఫానులో మొదట పోయేది ఫోన్ సిగ్నల్. అక్టోబరు, నవంబరు నెలలకు ముందే ఆ లెక్కను ఒకసారి దిద్దండి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 'ఆపద మిత్ర' పేరుతో సామాన్య పౌరులకు శిక్షణ ఇప్పిస్తోంది. కలెక్టరేట్‌లో విపత్తుల విభాగాన్ని అడిగి, అవకాశం ఉంటే ఇద్దరు ముగ్గురు చేరండి. శిక్షణ లేనివాళ్లు మాత్రం నీళ్లలోకి దిగవద్దు, తెగిన తీగల దగ్గరికి పోవద్దు. మిమ్మల్ని కాపాడటానికి ఇంకొకరు రావలసిన పరిస్థితి తేవద్దు.

ప్రశ్న: సింహాచలం గిరి ప్రదక్షిణలో ఏటా మజ్జిగ పంచుతాం. అది సేవ కాదని మా అబ్బాయి వాదిస్తున్నాడు. (అడవివరం)

ముప్పై రెండు కిలోమీటర్లు నడిచేవాళ్లకు మజ్జిగ ఇవ్వడం సేవ కాదని అనడానికి మీ అబ్బాయి ఆ నడక ఒకసారి నడిచి రావాలి. అయితే ఒక సూచన. నడక మొదలయ్యే తొలిపావంచా దగ్గర అందరికీ ఓపిక ఉంటుంది, అక్కడ మజ్జిగ ఇచ్చేవాళ్లూ ఎక్కువే. అర్ధరాత్రి దాటాక మాధవధార, ఎన్ఏడీ వైపు కాళ్లు బొబ్బలెక్కి రోడ్డు పక్కన కూలబడినవాళ్లు కనిపిస్తారు. వచ్చే ఏడు మీ బల్ల అటువైపు వేసి, మజ్జిగతో పాటు ఓఆర్ఎస్, శుభ్రమైన గుడ్డ, దూది పెట్టుకోండి. స్టీలు గ్లాసులు, కడిగే ఇద్దరు మనుషులు ఉంటే మరుసటి ఉదయం రోడ్డంతా తెల్లటి ప్లాస్టిక్ ఉండదు. మీ వాడిని ఆ గ్లాసులు కడిగే పనిలో పెట్టండి.

ప్రశ్న: ఒంటరిగా ఉండే ఒక పెద్దాయనకు ఆరు నెలలు మందులు తెచ్చిపెట్టాను. మొన్న ఒక రోజు ఆలస్యమైందని నానా మాటలు అన్నారు. ఇక వెళ్లాలని లేదు. కృతజ్ఞత ఆశించడం తప్పా? (అల్లిపురం)

తప్పు కాదు, మనిషన్నాక ఆశిస్తాం. కానీ ఆయన వైపు నుంచి ఒకసారి చూడండి. మీ రాక కోసం ఎదురుచూడటం తప్ప చేయగలిగింది లేని మనిషికి, ఒక రోజు ఆలస్యమంటే మాత్ర లేని రోజు. ఆయన తిట్టింది మిమ్మల్నే అయినా, ఆయన కోపం మీ మీద ఆధారపడవలసి వచ్చినందుకు కావచ్చు. ఆరు నెలలుగా ప్రతిసారీ "మీకు శ్రమ ఇస్తున్నాను బాబూ" అని చిన్నబోయి చెప్పుకోవలసి వచ్చిన మనిషి, మొదటిసారి మీ మీద హక్కుగా కేకలేశాడు. దాన్ని నేను పూర్తిగా చెడ్డ సంగతి అనుకోలేను. అలాగని తిట్లు భరించమని చెప్పడం లేదు. వెళ్లి, "అలా అనడం నాకు బాధ కలిగించిందండీ" అని ఎదురుగానే చెప్పండి. వారం మందులు ఎప్పుడూ అదనంగా ఉండేటట్టు చూడండి, ఆలస్యం వల్ల వచ్చే గొడవ దానితో పోతుంది. అప్పటికీ కుదరకపోతే మానేయండి, కానీ మీ స్థానంలో మరొకరిని పరిచయం చేసి మానేయండి.

ప్రశ్న: నాకు 78 ఏళ్లు. ఎంవీపీ కాలనీలో ఒక్కదాన్నే ఉంటాను, పిల్లలు అమెరికాలో. అందరూ సాయం చేస్తామని మీకు రాస్తుంటారు. నాకే సాయం కావాలి, అడగడానికి మొహమాటం. నవంబరులో పింఛను కోసం లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, బ్యాంకుకు తోడు వచ్చేవాళ్లు లేరు. కిందటేడు వేలిముద్ర పడక రెండుసార్లు తిరిగాను.

అమ్మా, ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నింటిలో మీది చదివి ఎక్కువసేపు ఆగాను. ఇన్ని పేజీలు సాయం చేసేవాళ్ల సందేహాలతోనే నిండిపోయాయి. అడిగేవాళ్ల ఉత్తరం ఇదొక్కటే.

ముందుగా లైఫ్ సర్టిఫికెట్ సంగతి. వేలిముద్ర పడనివారి కోసం 2021 నవంబరు నుంచి ముఖం గుర్తింపు పద్ధతి వచ్చింది. స్మార్ట్‌ఫోన్‌లో జీవన్ ప్రమాణ్ యాప్ ద్వారా ఇంట్లో కూర్చునే ఇవ్వవచ్చు. కళ్లజోడు తీసి, వెలుతురు ముఖం మీద పడేలా కిటికీ ఎదురుగా కూర్చోవాలి. పని పూర్తయితే ప్రమాణ్ ఐడీ అనే సంఖ్య వస్తుంది, దాన్ని రాసి ఉంచుకోండి. అది కుదరకపోతే కొద్దిపాటి రుసుముతో పోస్ట్‌మ్యాన్ ఇంటికి వచ్చి చేసిపెట్టే ఏర్పాటు ఉంది, మీ తపాలా కార్యాలయంలో అడగండి. ఎనభై ఏళ్లు దాటిన కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకు అక్టోబరు 1 నుంచే ఇచ్చే వెసులుబాటు ఉంది, మీకు అది రెండేళ్ల తరువాతి మాట. ఇతర ఇబ్బందులకు వృద్ధుల సహాయ నంబరు 14567 ఉంది. సర్టిఫికెట్ పేరు చెప్పి ఎవరైనా ఫోన్ చేసి ఓటీపీ అడిగితే మాత్రం చెప్పకుండా వెంటనే ఫోన్ పెట్టేయండి.

ఇక తోడు గురించి. ఈ శీర్షికలో మొదటి ఉత్తరం రాసిన విశ్రాంత బ్యాంకు ఉద్యోగి ఉండేది సీతమ్మధారలో, మీ ఇంటికి దగ్గరే. నవంబరు నెల, లైఫ్ సర్టిఫికెట్లు, బ్యాంకు కౌంటరు, ఇవి ఆయనకు కొత్త కాదు. మీ ఇద్దరికీ అభ్యంతరం లేకపోతే మా కార్యాలయం ద్వారా ఒకరి ఫోన్ నంబరు మరొకరికి అందజేస్తాం. మీరు ఒప్పుకుంటున్నట్టు ఒక కార్డు ముక్క రాయండి, ఆయనకూ ఇదే చెబుతున్నాను. మొదటిసారి కలిసేది మీ ఇంట్లో కాకుండా బ్యాంకులోనే, పగటి వేళ, మీ పిల్లలకు ముందుగా చెప్పి. పాస్‌బుక్, ఆధార్, పింఛను పత్రం, కళ్లజోడు మీ సంచిలోనే, మీ చేతిలోనే ఉంచుకోండి. ఆయన కూడా అదే కోరుకుంటారు.